ఇంటి చదువులో చరిత్ర, భూగోళం: వచ్చే ఏడాదికి ఏ పుస్తకం, ఏ వరుస

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్న తెలుగు కుటుంబాల్లో, వేసవి రాగానే వచ్చే ఏడాది పుస్తకాల ఆలోచన మొదలవుతుంది. గణితం విషయంలో పెద్ద చిక్కు ఉండదు. భిన్నాలు రానిదే దశాంశాలు రావు కాబట్టి ఆ సబ్జెక్టు తన వరుసను తానే చెప్పుకుంటుంది. చరిత్రకూ భూగోళానికీ అలాంటి కట్టు లేదు. శాతవాహనుల కంటే ముందు మూసీ వరదల గురించి చదివినా పిల్లలకు అర్థమవుతుంది, ఆసియా ఖండం కంటే ముందు ఆఫ్రికా ఖండం చదివినా నష్టం లేదు. కాబట్టి ఏది ముందో, ఏది వెనకో ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించాలి. బడిలో ఆ పని బోర్డు చేసి పెడుతుంది, ఇంట్లో అది తల్లిదండ్రుల మీద పడుతుంది. అయినా, ఇంత నిర్ణయం అవసరమైన ఈ రెండు సబ్జెక్టులకే చాలా ఇళ్లలో అన్నిటికంటే తక్కువ సమయం దక్కుతుంది. సోషలే కదా, చదువుకుంటారులే అన్న మాటతో ఆ చర్చ ముగిసిపోతుంది.

ముందు కట్టుబాటు ఎంత ఉందో చూడాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల చదువు గురించి మాట్లాడుతూ బడినే దృష్టిలో పెట్టుకుంది. ఇంటి చదువును అది ప్రత్యేకంగా గుర్తించలేదు, బడిలో చేర్పించని తల్లిదండ్రులకు శిక్షనూ విధించలేదు. ఆచరణలో ఇలాంటి పిల్లలు చాలామంది పదో తరగతి పరీక్షను ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ) ద్వారానో, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్ సొసైటీల ద్వారానో, కొందరు కేంబ్రిడ్జి వారి అంతర్జాతీయ పరీక్ష ఐజీసీఎస్‌ఈ ద్వారానో రాస్తారు. ఎన్‌ఐఓఎస్ పదో తరగతిలో చేరడానికి కనీసం 14 ఏళ్లు నిండాలి. ఉత్తీర్ణతకు ఐదు సబ్జెక్టులు కావాలి, వాటిలో ఒకటి గానీ రెండు గానీ భాషలు ఉండాలి. మిగతావి అభ్యర్థి ఎంచుకునేవే, వాటిలో సాంఘిక శాస్త్రం తప్పనిసరి కాదు. తెలుగు మాధ్యమంలోనూ పరీక్ష రాయవచ్చు. ఐజీసీఎస్‌ఈలోనైతే చరిత్ర, భూగోళం రెండు వేర్వేరు ఐచ్ఛిక సబ్జెక్టులు. అక్కడి చరిత్రలో ప్రధాన భాగం 19, 20 శతాబ్దాల చుట్టూ తిరుగుతుంది.

దీన్నిబట్టి తేలేది ఒకటే. 14 ఏళ్లు వచ్చేదాకా ఏ పరీక్షా ఈ రెండు సబ్జెక్టుల సిలబస్‌ను ఇంటి మీద రుద్దడం లేదు. అయినా తొమ్మిదేళ్ల పిల్లకు పదో తరగతి ప్రశ్నపత్రాన్ని దృష్టిలో పెట్టుకుని నోట్సు రాయించే ఇళ్లు ఉన్నాయి. ఇంటి చదువు ఇచ్చే అతి పెద్ద వెసులుబాటును అలా చేజేతులా వదులుకోవడం బాధాకరం. పరీక్షకు కావలసిన జవాబు రాసే తీరును చివరి ఏడాదిన్నరలో నేర్పవచ్చు. నదిని చూసి దాని ఒడ్డున ఊరు ఎందుకు వెలిసిందో అడిగే అలవాటును మాత్రం అప్పుడు నేర్పడం కష్టం.

అందుబాటులో ఉన్న పాఠ్యపుస్తకాల్లో మొదట చెప్పుకోవలసినవి మన రాష్ట్రాల పుస్తకాలే. వీటిని బడి పుస్తకాలని పక్కన పెట్టేవారు ఒక విషయం గమనించాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి రాష్ట్ర విద్యాప్రణాళిక చట్రం తర్వాత వచ్చిన సాంఘిక శాస్త్ర పుస్తకాలు చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం అన్న పాత గదుల్ని తీసేసి, భూమి వైవిధ్యం, ఉత్పత్తి, జీవనోపాధులు, పరిపాలన, మతం, సంస్కృతి వంటి అంశాల కింద పాఠాల్ని అల్లాయి. అప్పటి ఆరో తరగతి పుస్తకం నేల గురించి చెప్పడానికి మూడు నిజమైన ఊళ్లను ఎంచుకుంది. కృష్ణా డెల్టాలో పెనమకూరు, పీఠభూమి మీద దోకూరు, కొండల్లో పెనుగోలు. డెల్టా అంటే ఏమిటో నిర్వచనం ఇచ్చి ఊరుకోకుండా, ఆ నేలలో ఏ పంట పండుతుందో, నీరు ఎక్కడి నుంచి వస్తుందో, వరద వస్తే ఏమవుతుందో ఒక ఊరి బతుకులోంచి చూపించింది. పీఠభూమి మీది ఊళ్లో చెరువు ఎండితే రైతు బోరు వేస్తాడు, బోరు ఎండితే వలస పోతాడు. పదేళ్ల పిల్లలకు పీఠభూమి అన్న మాట అలా ఒంటపడుతుంది. ఈ పుస్తకాల లోటు భాషలో కొంత, కాలక్రమంలో ఎక్కువ. అంశాల వారీగా అల్లినందువల్ల ఏ రాజ్యం ఎప్పటిదో పిల్లల బుర్రలో ఒక వరుసగా నిలవదు. ఇంట్లో ఒక కాలరేఖను గోడకు అంటించి, చదివిన ప్రతి పాఠాన్నీ దాని మీద గుర్తు పెడితే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

జాతీయ స్థాయిలో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ ఇదే దారికి ఆలస్యంగా వచ్చింది. 2023లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఆధారంగా 2024లో ఆరో తరగతికి, 2025లో ఏడు, ఎనిమిది తరగతులకు కొత్త సాంఘిక శాస్త్ర పుస్తకాలు తెచ్చింది. అంతకు ముందు తరగతికి మూడేసి పుస్తకాలుండేవి, ఇప్పుడు మూడూ ఒకటయ్యాయి. ఆరో తరగతి పుస్తకం అక్షాంశాలు, రేఖాంశాలు, మ్యాపు చదవడంతో మొదలై, ఖండాలు, సముద్రాలు, భూస్వరూపాలు దాటాక కాలరేఖ, చరిత్ర ఆధారాలు అన్న పాఠానికి వస్తుంది. ఇంటి చదువుకు ఇది చక్కని ఆరంభం. పీడీఎఫ్‌లు ఉచితంగా దొరుకుతాయి కనుక కొనే ముందు చదివి చూడవచ్చు. కొత్త అమరికలో ఢిల్లీ సుల్తానులు, మొగలులు ఏడో తరగతి నుంచి ఎనిమిదికి జరిగారు. అక్కడ సుల్తానుల నుంచి మొగలుల దాకా దాదాపు ఐదు శతాబ్దాలు ఒకే అధ్యాయంలో సర్దుకున్నాయి. అంత ఇరుకులో ఏ కాలానికీ న్యాయం జరగదు. గోల్కొండ కోటను, చార్మినార్‌ను కళ్లారా చూసే పిల్లలున్న ఇంట్లో ఆ అధ్యాయం ఒక్కదాని మీదే ఆధారపడకూడదు. పాత ఎన్‌సీఈఆర్‌టీ ఏడో తరగతి చరిత్ర పుస్తకాన్ని పక్కన పెట్టుకుని రెండింటినీ పోల్చి చదివించడం మేలు. ఒకే కాలాన్ని రెండు పుస్తకాలు రెండు రకాలుగా ఎందుకు చెబుతున్నాయన్న ప్రశ్న చరిత్ర పాఠాల్లో కెల్లా విలువైన పాఠం.

మూడో రకం విదేశాల నుంచి, ఎక్కువగా అమెరికా నుంచి వచ్చే ప్యాకేజీలు. వీటిలో చాలా వాటి అమరిక ఒకటే. ప్రపంచ చరిత్రను ప్రాచీన, మధ్య, తొలి ఆధునిక, ఆధునిక యుగాలుగా నాలుగేళ్లకు పంచి, అదే చక్రాన్ని పిల్లల వయసు పెరిగే కొద్దీ మళ్లీ మళ్లీ తిప్పుతారు. కథలా చదివించే శైలి, చేతిపనులు, చదవాల్సిన పుస్తకాల జాబితాలు వీటి బలం. కాలక్రమం విషయంలో ఇవి మన పుస్తకాల కంటే మెరుగు. అయితే ఆ నాలుగేళ్లలో భారతదేశానికి దక్కేది కొన్ని వారాలు మాత్రమే. సింధు నాగరికత, బుద్ధుడు, అశోకుడు వచ్చి వెళ్లాక మళ్లీ మొగలుల దాకా ఈ నేల పెద్దగా కనిపించదు. కాకతీయులకూ, విజయనగరానికీ అందులో చోటు ఉండదు. మధ్యయుగం అన్న విభజనే ఐరోపా అనుభవంలోంచి పుట్టింది, దాన్ని దక్కను మీద పరచడం సరిపడదు. కొన్ని ప్యాకేజీలు చరిత్రను క్రైస్తవ మత దృష్టితో రాసినవి, కొనేముందు ఆ సంగతి తెలుసుకోవడం అవసరం. విదేశీ మ్యాపుల్లో జమ్మూ కశ్మీర్, లద్దాఖ్ సరిహద్దులు సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుల్లోలా ఉండవు, ఆ తేడా ఎందుకో పిల్లలకు విడమరచి చెప్పాల్సి ఉంటుంది. ప్యాకేజీ మొత్తం కొనే బదులు, అందులోని నాలుగేళ్ల వరుసను మాత్రం అరువు తెచ్చుకుని, దక్షిణ భారతానికి సంబంధించిన వారాల్ని మన పుస్తకాలతో నింపుకోవడం ఉత్తమం అనిపిస్తుంది.

ఏ పుస్తకమైనా నిలబడుతుందా లేదా తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. అందులో తేదీ మ్యాపునూ, మ్యాపు తేదీనీ వివరిస్తున్నాయా అని చూడాలి. చరిత్రకు ఒక పుస్తకం, భూగోళానికి మరో పుస్తకం కొని, సోమ బుధవారాలు ఒకటి, మంగళ గురువారాలు ఇంకొకటి చదివించే ఇంట్లో ఈ రెండూ ఎప్పటికీ కలవవు. కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి మోటుపల్లి కంటే మంచి ఉదాహరణ తెలుగు నేల మీద దొరకడం కష్టం.

నేటి బాపట్ల జిల్లాలో, చినగంజాం దగ్గర సముద్రానికి చేరువలో ఉన్న చిన్న ఊరు మోటుపల్లి. అక్కడి వీరభద్రాలయంలో ఉన్న స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే 1244-45లో, వేయించిన శాసనం ఉంది. ఒక ద్వీపం నుంచి మరో ద్వీపానికి, ఒక దేశం నుంచి మరో దేశానికి సరుకుతో పోయే ఓడలు తుఫానులో చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొస్తే వాటిలోని బంగారం, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు అన్నింటినీ పూర్వపు రాజులు లాక్కునేవారని, తాము మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా ఆ వర్తకులకే వదిలేస్తున్నామని ఆ శాసనం చెబుతుంది. ఎగుమతి, దిగుమతుల మీద సుంకం ముప్పయ్యో వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టునూలు, మిరియాలు, పోకలు వంటి సరుకుల పేర్లు అందులో వరుసగా ఉన్నాయి. దీన్ని అభయ శాసనం అంటారు.

చరిత్ర పుస్తకంలో ఇది ఒక్క వాక్యం: గణపతిదేవుడు విదేశీ వర్తకాన్ని ప్రోత్సహించాడు. పరీక్షకు ఆ వాక్యం చాలు, పిల్లలకు చాలదు. మ్యాపు తీయాలి. ఓరుగల్లు ఎక్కడ, మోటుపల్లి ఎక్కడ? మధ్యలో ఎన్ని కిలోమీటర్లు, దారిలో ఏ నది అడ్డొస్తుంది? లోతట్టు పీఠభూమి మీద రాజధాని ఉన్న రాజుకు సముద్రపు ఒడ్డు ఎందుకు కావలసి వచ్చింది? గుర్రాలు ఈ నేల మీద బాగా పెరగవని, సైన్యానికి అవి సముద్రం మీదుగా రావాల్సిందేనని తెలిస్తే జవాబు సగం దొరుకుతుంది. ఆ తర్వాత తీరరేఖను వేలితో తడమమనాలి. పడమటి తీరంలోలా ఓడలు దాక్కునే లోతైన వంపులు ఇక్కడ అరుదు. కృష్ణ, గోదావరి తెచ్చిన ఒండ్రుతో తీరం చాలాచోట్ల నున్నగా, లోతు తక్కువగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడతాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన గురించి ఇంట్లో అమ్మమ్మలో, తాతయ్యలో చెప్పగలిగితే, శాసనంలోని పగిలిన ఓడలు ఆ పిల్లలకు ఇక పుస్తకంలోని మాటలుగా ఉండవు. ఇంకొంచెం పెద్దపిల్లలైతే, రుద్రమదేవి కాలపు ఈ రేవు గురించి, ఇక్కడి వజ్రాల గురించి, సన్నని నూలు బట్టల గురించి మార్కో పోలో చెప్పిన సంగతుల్ని దీని పక్కన పెట్టి చదవవచ్చు. ఒకప్పుడు అంత రేవు ఇప్పుడు చిన్న పల్లె ఎందుకైందన్న ప్రశ్నకు జవాబు వెతకడానికే ఒక వారం పడుతుంది. తీరం మారడం, రేవులు మారడం, రాజ్యాలు మారడం మూడూ అందులో ఉన్నాయి.

హైదరాబాద్‌లో ఉండే కుటుంబానికి మోటుపల్లి దూరం కావచ్చు, మూసీ దూరం కాదు. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద నగరాన్ని ముంచెత్తింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉన్న చింతచెట్టు ఆ రోజు దాదాపు 150 మందిని కాపాడిందని చెబుతారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచించిన ప్రణాళిక ప్రకారం మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920 నాటికి, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927 నాటికి తయారయ్యాయి. ఈ ఒక్క ఉదంతంలో పరీవాహక ప్రాంతం, ఉపనది, జలాశయం అన్న భూగోళ భావనలూ, నిజాం పాలన, నగర నిర్మాణం అన్న చరిత్రా కలిసి వస్తాయి. గోదావరి జిల్లాల వారికి ధవళేశ్వరం ఉంది. గుంటూరు సీమను తుడిచిపెట్టిన 1832-33 నాటి డొక్కల కరువును, 1847లో మొదలై 1852కి పూర్తయిన ఆనకట్టను పక్కపక్కన పెడితే డెల్టా అన్నపూర్ణ ఎలా అయిందో అర్థమవుతుంది. ఏ జిల్లాకైనా ఇలాంటివి రెండు మూడు దొరుకుతాయి. ఏడాది మొత్తానికి ఇలాంటి ఉదంతాలు ఆరు ఎంచుకుని, మిగతా వారాలు పాఠ్యపుస్తకాన్ని అనుసరిస్తే చాలు.

వరుస సంగతికి వస్తే, వయసును బట్టి నిర్ణయం మారుతుంది. ఏడెనిమిదేళ్ల పిల్లలకు వెయ్యేళ్లు అన్నా పదివేల ఏళ్లు అన్నా ఒకటే, రెండూ తాతయ్య కంటే ముందు. ఆ వయసులో క్రీస్తుపూర్వం 2500 అని హరప్పాతో మొదలుపెట్టడం కంటే, ఇంటి నుంచి బయటికి, వీధి నుంచి ఊరికి, ఊరి నుంచి మండలానికి వెళ్లే భూగోళంతోనూ, నాయనమ్మ చిన్నతనం నుంచి వెనక్కి నడిచే చరిత్రతోనూ మొదలుపెట్టడం సరైనది. పదేళ్లు దాటాక కాలక్రమానికి పట్టు దొరుకుతుంది. అప్పుడు ప్రాచీన కాలం నుంచి ముందుకు రావచ్చు. పన్నెండు, పదమూడేళ్లకు ఆధారాల దగ్గరికి తీసుకెళ్లాలి. శాసనం ఏమంటోంది, ఎవరు వేయించారు, ఎవరికి చదవడం కోసం వేయించారు అని అడగడం అప్పుడే సాధ్యం. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో కాలం పెట్టుకుంటే తల్లి అలసిపోతుంది. అందరికీ ఒకే కాలం, ఒకే ప్రాంతం పెట్టి, పని మాత్రం వయసుకు తగ్గట్టు ఇవ్వాలి. చిన్నది రామప్ప గుడి బొమ్మ వేస్తే, పెద్దవాడు రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడి పక్కనే చెరువు ఎందుకు తవ్వించారో అర పేజీ రాస్తాడు.

మ్యాపుల మీద పెట్టే డబ్బు, పుస్తకాల మీద పెట్టే డబ్బు కంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది. నిజానికి మంచివి ఉచితంగానే ఉన్నాయి. సర్వే ఆఫ్ ఇండియా తన ఆన్‌లైన్ పోర్టల్‌లో 1:50,000 స్కేలు టోపో షీట్లను, అంటే నేల ఎత్తుపల్లాలు, చెరువులు, ఊళ్లు వివరంగా చూపే మ్యాపుల్ని, ఇస్తోంది. వాటిలో మ్యాపు మీది రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. సొంత ఊరి షీటు ప్రింటు తీసి బల్ల మీద పరిస్తే, పిల్లలు ముందు తమ ఊరి పేరు వెతుకుతారు, తర్వాత చెరువు, తర్వాత గుడి. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గోధుమ రంగు కాంటూరు గీతలు దగ్గర దగ్గరగా ఉన్నచోట ఎత్తు నిటారుగా ఉంటుందని చెప్పి, ఆదివారం ఆ గుట్ట ఎక్కించి చూపిస్తే చాలు, ఆ పాఠం మళ్లీ చదివించాల్సిన అవసరం రాదు. ఇస్రో 2009లో తెచ్చిన భువన్ వెబ్‌సైటులో అదే చోటును ఉపగ్రహ చిత్రంగా చూడవచ్చు. టోపో షీటులో నీలంగా ఉన్న చెరువు ఉపగ్రహ చిత్రంలో ఇళ్ల వరసగా మారిపోయి కనిపిస్తే, పిల్లలు అడిగే ప్రశ్నలకు సిద్ధంగా ఉండాలి.

భాష గురించి ఒక మాట. ఇంగ్లిష్‌లో చదివే పిల్లలకు కూడా ఈ ఒక్క సబ్జెక్టులోనైనా తెలుగు పాఠం పక్కన ఉండాలి. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో మరో భాష ఉండే ద్విభాషా పుస్తకాల్ని అచ్చువేశాయి. ఇంటి చదువుకు అవి ఎంతో అనువైనవి. కరణం, ఆయగార్లు (ఊరికి సేవ చేసి పంటలో వాటా పొందేవారు), నాయంకర (సైన్యాన్ని పోషించినందుకు నాయకులకు రాజు ఇచ్చే భూమి), తూము, అలుగు, లంక, తిప్ప, మెరక, పల్లం వంటి మాటలు ఈ నేల చరిత్రను, భూగోళాన్ని తమలో దాచుకున్నాయి. లంక అన్న మాట తెలిసిన పిల్లలకు గోదావరి మధ్యలోని ఊళ్ల పేర్ల చివర ఆ మాట ఎందుకు ఉందో విడిగా చెప్పనక్కర్లేదు. ఊరి పేరు చివర సముద్రం అనో, కుంట అనో, పాడు అనో ఎందుకుందని అడగడం కూడా చరిత్ర పాఠమే.

అమెరికాలో ఉంటూ పిల్లల్ని ఇంట్లో చదివించే తెలుగు కుటుంబాలకు లెక్క కొంత వేరు. అక్కడ రాష్ట్రాన్ని బట్టి నిబంధన మారుతుంది. టెక్సస్‌లో తప్పనిసరి అన్న జాబితాలో చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, గణితం, మంచి పౌరసత్వం ఉన్నాయి గానీ చరిత్ర, భూగోళం విడిగా లేవు. న్యూయార్క్‌లో, పెన్సిల్వేనియాలో భూగోళంతో పాటు అమెరికా చరిత్ర, ఆ రాష్ట్ర చరిత్ర చెప్పాల్సిందే. కాబట్టి అక్కడ ముందు రాష్ట్రం అడిగేది ఒక పట్టీగా రాసుకుని, దానికి వారానికి మూడు రోజులు కేటాయించి, మిగతా రోజుల్లో తెలుగు నేల గురించి చెప్పుకోవచ్చు. టెక్సస్‌లో పెరుగుతున్న పిల్లలకు రియో గ్రాండే పక్కన కృష్ణను, పత్తి పండే అక్కడి నేల పక్కన మన నల్లరేగడిని పెట్టి చూపిస్తే రెండూ దగ్గరవుతాయి. అమ్మమ్మ ఊరిని టోపో షీటులో వెతికించడం సముద్రం అవతల నుంచీ సాధ్యమే.

కొనుగోలుకు ముందు చివరి పని ఒకటుంది. ఎంచుకున్న పుస్తకంలో మధ్యలోని ఒక పాఠం తీసుకుని, మే నెలలోనే వారం రోజులు నడిపి చూడాలి. మొదటి పాఠాన్ని ప్రతి రచయితా శ్రద్ధగా రాస్తాడు కాబట్టి దాన్ని చూసి నిర్ణయించకూడదు. వారం చివర పుస్తకం మూసి, తెల్లకాగితం మీద ఆ పాఠంలోని చోటు మ్యాపును, ఒక సంవత్సరాన్ని, ఒక కారణాన్ని పిల్లల్నే రాయమనాలి. మ్యాపు వచ్చి కారణం రాకపోతే ఆ పుస్తకం భూగోళాన్ని బొమ్మగా చెబుతోంది. సంవత్సరం వచ్చి మ్యాపు రాకపోతే దానికి తోడుగా అట్లాస్ ఎప్పుడూ తెరిచి ఉంచాలి. ఏదీ రాకపోతే వేరే పుస్తకం చూసుకోవడానికి జూన్ దాకా సమయం ఉంది.

అట్లాస్ కొత్తదా పాతదా అన్నది తెలుసుకోవడం సులువు. తెలంగాణలో 33 జిల్లాలు, లద్దాఖ్ విడి కేంద్రపాలిత ప్రాంతంగా కనిపిస్తే అది 2019 తర్వాతది. కోఠిలో పాత పుస్తకాల దుకాణాల్లో ఇప్పటికీ 23 జిల్లాల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో అచ్చయిన అట్లాసులు దొరుకుతాయి. వాటిని పాతవని వదిలేయకుండా ఒకటి కొని, కొత్తదాని పక్కన పెట్టాలి. 2014 జూన్ 2న ఏ గీత కొత్తగా వచ్చింది, 2016లో తెలంగాణలో పది జిల్లాలు 31 ఎలా అయ్యాయి, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 ఎలా అయ్యాయి, సొంత ఊరు అప్పుడు ఏ జిల్లాలో ఉంది, ఇప్పుడు ఏ జిల్లాలో ఉంది అని పిల్లలు రెండు పేజీల మధ్య వేలు పెట్టి వెతుకుతారు.